చాయ్ వస్తే ఇల్లనుకునే ల్యాప్‌టాప్

మీ ల్యాప్‌టాప్‌లు తెలివైనవి. ఇంట్లో మూత తెరిస్తే ఇంటి వైఫై, ఆఫీసులో తెరిస్తే ఆఫీసు వైఫై, ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటాయి. మీరు దాన్ని పట్టించుకోరు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. నేను మాత్రం ఆ పని చెడితే ఏమవుతుందో కళ్లారా చూశాను. చందానగర్‌లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్న ఒక పెద్దావిడ, హైటెక్ సిటీలో మీటింగు గది గోడ మీద ప్రత్యక్షమవుతుంది. ఆ ముచ్చట చెప్పడానికే కూర్చున్నాను.

నాది గచ్చిబౌలి పక్కనే ఉన్న ఊరు. ఇప్పుడది ఊరు కాదు, అద్దాల మేడల మధ్య మిగిలిపోయిన నాలుగు గల్లీలు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ అద్దాల మేడల్లోనే ఒకదాంట్లో, ఐదో అంతస్తులో ప్యాంట్రీ పని దొరికింది. ప్యాంట్రీ అంటే ఆఫీసుకు వంటిల్లు అనుకోండి. వంట ఉండదు గానీ చాయ్, కాఫీ, అందరి డబ్బాలు వేడి చేసుకునే ఓవెన్, ఆ ఓవెన్ దగ్గర రోజూ కొట్లాటలు, అన్నీ ఉంటాయి. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. అద్దాల లోపల కూర్చున్నవాళ్లు ఏం పని చేసేవారో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరికి చక్కెర వద్దో మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మా సార్ కాకినాడ వైపు మనిషి. ఆ అంతస్తు మొత్తానికీ ఆయనే పెద్ద. ఎవరితో మాట్లాడినా మాట చివర 'అండి' ఉండాల్సిందే. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, ఇంకో రెండు అండీలు పెరిగేవి. మేము అండీలు లెక్కపెట్టుకుని దూరంగా జరిగేవాళ్లం.

ఇంకొకతను సపోర్టు అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై దాటినవాడే, మెదక్ వైపు వాడు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా అతనే పరుగెత్తాలి. కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆ నెల గడిస్తే పర్మనెంటు చేయాలా, పంపించేయాలా అన్నది సార్ చేతిలో ఉంది. ఇతను ముందే ఇంటికి ఫోన్ చేసి పర్మనెంటు అయిపోయిందని చెప్పేశాడు. వాళ్లమ్మ సంతోషం పట్టలేక ఊరంతా లడ్డూలు పంచేసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. ఆఫీసులో వైఫైకి ఒక రకం ఏర్పాట్లు, ఇంట్లో ఇంకో రకం. సార్ పొద్దున్నే వచ్చి అవి మార్చుకోవాలి, సాయంత్రం ఇంటికి పోయి మళ్లీ మార్చుకోవాలి. రోజూ మరిచిపోయి, రోజూ సపోర్టు అబ్బాయిని పిలిచేవారు. చివరికి ఇతను ఒక ఉపాయం చేశాడు. ల్యాప్‌టాప్ చుట్టూ ఏ వైఫై పేరు వినబడుతుందో చూసుకుని, దాన్ని బట్టి అదే మారిపోయేలా పెట్టాడు. కొత్తకోడలు అత్తగారింట్లో ఒకలా, పుట్టింట్లో ఇంకోలా ఉంటుంది చూడండి, అలా. ఆఫీసు పేరు వినబడితే గొంతు మూసుకుని, తెర మీద కంపెనీ బొమ్మ పెట్టుకుని, బుద్ధిగా ఉండేది. ఇంటి పేరు వినబడితే గొంతు పూర్తిగా తెరిచేది, తెర మీద సార్, మేడమ్ సముద్రం ఒడ్డున నిలబడ్డ ఫోటో వచ్చేది, ప్రింటు కొడితే ఇంట్లో ప్రింటర్‌కి పోయేది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. సార్ ఫ్లాటు కొండాపూర్‌లో, మా ఆఫీసు వెనకాలే. బాల్కనీలో కూర్చుంటే ఆఫీసు వైఫై కూడా సన్నగా అందేది. ల్యాప్‌టాప్ తికమకపడి ఇంట్లో ఉండగానే ఆఫీసు వేషం కట్టేది. అందుకని సార్ గట్టిగా చెప్పారు, ఇంటి పేరు వినబడితే చాలు, ఇంకేదీ చూడకుండా ఇంటికే మారిపోవాలని. సపోర్టు అబ్బాయి అలాగే వరుస పెట్టాడు. ఇల్లు ముందు, ఆఫీసు తర్వాత.

మేడమ్ అప్పుడు ఏదో ప్రాజెక్టు మీద బెంగళూరులో ఉన్నారు. సార్ ఒక్కరే వండుకునేవారు. ఆయనకి వంట నేర్పేది చందానగర్‌లో ఉన్న అత్తగారు. ఆ దారిలో ట్రాఫిక్ దాటి అల్లుడి దగ్గరికి రోజూ ఎవరొస్తారు? అందుకని వీడియోలో నేర్పేది. సార్ చేతులు పిండిలోనో చింతపండులోనో ఉంటాయి కాబట్టి, ఇంటి వేషంలో ఉన్నప్పుడు అత్తగారి ఫోను వస్తే ల్యాప్‌టాప్ తనంతట తానే ఎత్తేలా పెట్టించుకున్నారు. పైగా సార్ ల్యాప్‌టాప్ ఇంటికి మారగానే ఆవిడ ఫోనులో ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగేది. అల్లుడుగారు ఇల్లు చేరారని ఆవిడకి అదే గుర్తు.

ఆ రోజుల్లోనే సార్ తన పాత ఫోను నాకు ఇచ్చారు. పండక్కి ఆఫీసులో పెద్దవాళ్లు ఏదో ఒకటి ఇవ్వడం ఉండేది, మా సార్ ఫోను ఇచ్చారు. దానికి ఊలుతో అల్లిన పచ్చటి సంచి, సంచి మీద ఎర్ర ముక్కు చిలక. నా సిమ్ము వేసుకుని మొదట నడుముకి దోపుకున్నాను. కానీ ఆ ఫోను ఎప్పుడూ వేడిగా ఉండేది, వేడినీళ్ల సీసా కట్టుకున్నట్టే. అందుకని తాడు కట్టి మెడలో వేసుకున్నాను. చార్జింగు మధ్యాహ్నానికే అయిపోయి, ప్యాంట్రీలో మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చేది. నెట్టు కూడా అయిపోయేది. మా మనవరాలు, ఆఫీసులో కూర్చుని సీరియళ్లు చూస్తున్నావు నానమ్మా అని రోజూ దెప్పేది. నేనేమో పాత ఫోను కదా, ముసలిదయింది, నాలాగే వేడి చేసింది అనుకున్నాను.

మీలో తెలివైనవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. కొంచెం ఓపిక పట్టండి. అంతమంది ఇంజనీర్లున్న అంతస్తులో ఎవరికీ అర్థం కాలేదు.

మొదట జరిగింది ఒక చాయ్ వేళ. సార్ గదిలో కప్పు పెట్టి వెనక్కి వస్తున్నాను. ల్యాప్‌టాప్ లోంచి టంగుమని గుడి గంటంత చప్పుడు. మామూలుగా వచ్చే మెసేజీ చప్పుడే, కానీ గొంతు పూర్తిగా తెరుచుకుంది కదా, బయట కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. తెర మీద సముద్రం. సార్ సపోర్టు అబ్బాయిని పిలిచేలోపు నేను ప్యాంట్రీకి చేరుకున్నాను, అతను గదికి చేరుకునేలోపు తెర మీద మళ్లీ కంపెనీ బొమ్మ వచ్చేసింది. ఏమీ లేదు సార్, బాగానే ఉంది కదా అన్నాడు అతను.

తర్వాత రోజూ అదే తంతు. ఇంకోసారి సార్ పెద్ద రిపోర్టు ఒకటి ప్రింటు కొట్టి, ప్రింటర్ దగ్గర నిలబడి చాలాసేపు ఎదురుచూశారు. కాగితాలన్నీ కొండాపూర్‌లో తాళం వేసిన ఫ్లాట్లో ఒక్కొక్కటిగా నేల మీద పడుతున్నాయని సాయంత్రం ఇంటికి పోయాక గానీ తెలియలేదు.

ఎప్పుడు జరిగినా చాయ్ వేళకే జరుగుతోందని సపోర్టు అబ్బాయే కనిపెట్టాడు. అంతవరకూ బాగానే కనిపెట్టాడు. అక్కడినుంచి దారి తప్పాడు. ఓవెన్‌కీ వైఫైకీ పడదని ఎక్కడో చదివాడట, ప్యాంట్రీలో ఓవెన్ ఆపించేశాడు. రెండు రోజులు అంతస్తు మొత్తం చల్లటి అన్నం తిన్నది. ఇంటినుంచి పెరుగన్నం తెచ్చుకున్న ఒకాయన మాత్రం ఎన్నికల్లో గెలిచినట్టు తిరిగాడు. మూడో రోజు అందరూ వచ్చి మీద పడితే ఓవెన్ మళ్లీ వెలిగింది. ల్యాప్‌టాప్ మాత్రం మారలేదు.

తర్వాత హెచ్చార్ మేడమ్ రంగంలోకి దిగింది. అది దిష్టి అన్నది. సార్ గది తలుపు పిడికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించింది. తలుపు తీసిన ప్రతివాడూ చెయ్యి కళ్లకి పెట్టుకుని ఏడ్చుకుంటూ బయటికి రావడం మొదలయ్యాక, లోపల సార్ అందరినీ తిడుతున్నారని పుకారు పుట్టింది. వాటినీ విప్పేశారు. బల్ల తూర్పుకి తిప్పారు. ల్యాప్‌టాప్ తూర్పుకి తిరిగి కూడా ఇంటినే తలుచుకుంది.

చివరికి సపోర్టు అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. చాయ్ గిన్నెలోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దమ్మా, గీ చాయ్‌ల ఏం కలుపుతున్నవ్? జర నిజం జెప్పు."

"అల్లం, యాలక్కాయ. ఇగ ఏం గలుపుత బిడ్డా?"

"ఆవిరి ఎక్కువ వస్తున్నదా అని."

పాపం, అతని కళ్లు లోపలికి పోయాయి. ఆవిరికి మూత పెడతానని చెప్పి పంపించాను. మూత పెట్టాను కూడా. చాయ్ మరింత బాగా కుదిరింది గానీ, ల్యాప్‌టాప్ అలాగే ఉంది.

అలా ఉండగా, విదేశం నుంచి క్లయింటు వస్తున్నాడని కబురు వచ్చింది. పని ఇచ్చేదీ, మాన్పించేదీ ఆయనే. కంపెనీ చేసిన పనంతా మీటింగు గదిలో గోడంత తెర మీద, సార్ తన ల్యాప్‌టాప్ లోంచే చూపించాలి. ముందురోజు సార్ సపోర్టు అబ్బాయిని పిలిచారు. నేను కప్పులు తీస్తూ అక్కడే ఉన్నాను.

"చూడండి," అన్నారు సార్. "రేపు క్లయింటు ముందు కూడా ఇది ఇల్లు గుర్తు చేసుకుందంటే, ఎల్లుండి నుంచి మీరు కూడా మీ ఇల్లు గుర్తు చేసుకోవచ్చండి. అర్థమైందా అండి. వెళ్లండి."

నాలుగు అండీలు. నేను కప్పులతో తలుపు వైపు జరిగాను.

అతను నేరుగా ప్యాంట్రీకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఇంటి ఏర్పాటు మొత్తం తీసిపారెయ్యరాదా అని అడిగాను. తీసేస్తానంటే సార్ ఒప్పుకోలేదట. మొన్న ఒక్కరోజు తీస్తే ఇంట్లో అత్తగారి ఫోను ఎత్తలేక, సార్ పప్పు మాడబెట్టుకున్నారట.

"మా అమ్మ ఊరంత లడ్డూలు పంచింది పెద్దమ్మా," అన్నాడు. "ఇప్పుడు నన్ను తీసేస్తే ఆ లడ్డూలు మళ్ల ఎట్ల అడుగుతది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతనికి ఆ పూట చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చాను. అంతకన్నా చేయగలిగింది నా చేతిలో ఏముంది?

మర్నాడు కొత్త చీర కట్టుకున్నాను. క్లయింటు వస్తే మేమంతా అలాగే వచ్చేవాళ్లం. మెడలో చిలక సంచి ఎలాగూ ఉంది. ప్యాంట్రీ నుంచి మీటింగు గదికి పోవాలంటే లిఫ్టులు దాటి అవతలి కొసకి వెళ్లాలి. ట్రేలో కప్పులు పెట్టుకుని బయలుదేరాను. లిఫ్టుల దగ్గర సపోర్టు అబ్బాయి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ట్రే నాకియ్యి పెద్దమ్మా, ఆవిరి సంగతి నేనే జూస్కుంట. నువ్వు గీ లిఫ్టు దాటి రాకు. నీకు దండం బెడ్త."

నిజం చెబుతున్నాను, నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్లలో నా చాయ్ ఇంకొకరి చేతుల మీదుగా పోలేదు. కానీ అతని మొహం చూసి ట్రే ఇచ్చేశాను. అతను ఆ ట్రేని పెళ్లిలో మంగళసూత్రాల పళ్లెం మోసినట్టు మోసుకుపోయాడు.

లిఫ్టు దగ్గరే నిలబడి అద్దం లోంచి చూశాను. అతను కప్పులు పెట్టాడు. ల్యాప్‌టాప్ వంక చూశాడు. గోడ వంక చూశాడు. కంపెనీ బొమ్మలే, గీతలే, అంకెలే. ఆవిరి వస్తోంది, చాయ్ ఉంది, అయినా ఏమీ కాలేదు. అతను అద్దం లోంచి నాకు బొటనవేలు చూపించాడు. మొహం అట్లకాడతో తిప్పిన దోసెలా వెలిగిపోతోంది. సార్ చెప్పుకుంటూ పోతున్నారు, క్లయింటు తల ఊపుతున్నాడు. గండం గడిచింది అనుకున్నాను.

అప్పుడు క్లయింటు చాయ్ తాగాడు.

తాగి, ఆగి, కప్పు వంక చూశాడు. మళ్లీ తాగాడు. సార్‌ని ఏదో అడిగాడు. సార్ నవ్వి సపోర్టు అబ్బాయికి ఏదో చెప్పారు. అతను సంతోషంగా బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"రా పెద్దమ్మా, చాయ్ ఎవరు చేసిన్రో ఆయన నిన్ను చూస్తడంట."

లిఫ్టు దాటి రావద్దని దండం పెట్టినవాడే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. తలుపు కూడా తనే తీసి పట్టుకున్నాడు. చాయ్‌కీ ల్యాప్‌టాప్‌కీ సంబంధం లేదని తేలిపోయింది కదా, ఇక భయమేమిటి? నేను కొంగు సర్దుకుని లోపలికి వెళ్లాను. క్లయింటు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన ఇంగ్లీషులో ఏదో అంటున్నాడు, సార్ నాకు తెలుగులో చెబుతున్నారు, నేను అల్లం ఎలా దంచాలో చెబుతున్నాను, సార్ దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతున్నారు.

అంకెలు పోయాయి. గోడ మీద సముద్రం వచ్చింది. సముద్రం ఒడ్డున సార్, మేడమ్, చేతిలో మొక్కజొన్న పొత్తులు.

సపోర్టు అబ్బాయి గోడకి ఆనుకున్నాడు. సార్ ల్యాప్‌టాప్ మీదికి వంగారు. ఆయన చెయ్యి చేరేలోపు గది దద్దరిల్లేలా ఫోను మోగింది, దానంతట అదే ఎత్తుకుంది. గోడ మీద, ఇంతెత్తున, కత్తిపీట ముందు కూర్చుని అత్తగారు.

"అల్లుడుగారూ, అమ్మయ్య, దొరికారు. రోజూ చాయ్ వేళకి ఇంటికొచ్చి అంతలోనే వెళ్లిపోతున్నారేంటండీ? నేను కళ్లజోడు పెట్టుకునేలోపు చుక్క ఆరిపోతోంది. ఒంట్లో బాగుండటం లేదా అని హడలిపోతున్నాను. నిన్న పులుసులో ఉప్పు మరిచారటగా. బెండకాయలు ఇలా నిలువుగా చీల్చాలండి, చూడండి."

బెండకాయ ఎత్తి చూపించింది. గోడ మీద అది అరటిగెలంత ఉంది. క్లయింటు ముందుకి వంగి శ్రద్ధగా చూశాడు.

సార్ నోరు తెరిచారు గానీ ఒక్క అండీ కూడా రాలేదు. అప్పటికి ఆవిడ గదిలో ఇంకా మనుషులున్నారని గమనించింది. గబుక్కున కొంగు కప్పుకుని అందరికీ నమస్కారం చేసింది. క్లయింటు మళ్లీ లేచి నమస్కారం చేశాడు. ఆవిడ చూపు అటునుంచి నా మీదికి వచ్చి, నా మెడ దగ్గర ఆగింది.

"ఆ చిలక నేను అల్లిందండి," అన్నది నెమ్మదిగా.

కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

"దీపావళికి మీకు పెట్టిన ఫోను సంచి కదండీ అది. ఫోను రిపేరుకి ఇచ్చానన్నారు. ఆ అమ్మగారి మెడలోకి ఎలా వచ్చిందండీ?"

నాకు ఫోను ఇచ్చినప్పుడు ఆ సంచి అత్తగారు అల్లుడికి పెట్టిన పండగ కానుకని నాతో ఎవరన్నారు? అన్నా తీసుకునేదాన్నేమో గానీ, ఆ చిలకని మాత్రం దాచిపెట్టేదాన్ని.

అప్పుడు గోడకి ఆనుకున్న సపోర్టు అబ్బాయిలో చలనం వచ్చింది. వచ్చి సార్ చెవి దగ్గర అడిగాడు.

"సార్, గీ ఫోను మీ పాతదా? ఇంట్ల నెట్టు లేనప్పుడు వాడిన్రు, గదేనా?"

సార్ తల ఊపారు.

"దాంట్ల హాట్‌స్పాట్ బంజేసి ఇచ్చిన్రా?"

సార్ తల ఊపలేదు.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. సార్ ఆ ఫ్లాటుకి కొత్తగా వచ్చినప్పుడు ఇంట్లో వైఫై లేదు. ఆ ఫోనే చుట్టూ వైఫై పంచేది, దాన్నే హాట్‌స్పాట్ అంటారు. ఎప్పటికీ ఆరకుండా పెట్టుకున్నారు. తర్వాత ఇంటికి అసలు వైఫై వచ్చినా, మళ్లీ అన్నీ మార్చుకోవడం ఎందుకని ఆ పేరే, ఆ పాస్‌వర్డే దానికీ పెట్టేశారు. ఫోను నాకు ఇచ్చారు గానీ పంచడం ఆపలేదు. అంటే సార్ ఇల్లు మొత్తం నా మెడలో చిలక సంచిలో వేలాడుతోంది. నేను చాయ్ తెచ్చినప్పుడల్లా కొండాపూర్ ఫ్లాటే నడిచి వచ్చిందని ల్యాప్‌టాప్ మురిసిపోయింది.

ఆ క్షణంలో మాత్రం ఎవరూ నాకు ఇదంతా చెప్పలేదు. సపోర్టు అబ్బాయి ఒక్క దూకు దూకి చిలకని పట్టుకున్నాడు. సంచి తాడు నా మెడకుందని మరిచిపోయాడు. అతను ఫోను మీదికి వంగితే నేనూ వంగాను. ఇద్దరం తలలు ఆనించి నిలబడి ఉన్నాం. గోడ మీద అత్తగారు అడుగుతూనే ఉంది.

"అసలు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకిచ్చా..."

అక్కడే ఆగిపోయింది. నోరు తెరుచుకుని, బెండకాయ పైకెత్తుకుని కదలకుండా ఉండిపోయింది. ఒక్క నిమిషానికి మాయమైంది. సముద్రం పోయింది. అంకెలు, గీతలు బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి.

సార్ సపోర్టు అబ్బాయి వంక చూసిన చూపు నేను మరిచిపోను. ల్యాప్‌టాప్ బాగుచేసినవాణ్ని ఎవరూ అలా చూడరు. అత్తగారి ప్రశ్నలోంచి బయటికి లాగినవాణ్నే అలా చూస్తారు. అంతలో చప్పట్లు వినబడ్డాయి. క్లయింటే. ఇదంతా కంపెనీ కొత్తగా తయారుచేసిన సరుకనీ, తనకి చూపించడానికే ఏర్పాటు చేశారనీ అనుకున్నాడట. ఇంట్లో పెద్దవాళ్లకి చాలా పనికొస్తుందన్నాడట. సార్ కాదని చెప్పలేదు.

నెల తిరగకుండానే సపోర్టు అబ్బాయి పర్మనెంటు అయ్యాడు. వాళ్లమ్మకి అసలు సంగతి తెలియదు కాబట్టి మళ్లీ పంచవలసిన పని లేదు. అయినా ఏదో వంక చెప్పి చేయించాడు, ఈసారి లడ్డూలు నాకూ వచ్చాయి.

సార్‌కి మాత్రం అంత తేలిగ్గా తెల్లారలేదు. ఆ సాయంత్రం చందానగర్ వెళ్లి ఏం చెప్పుకున్నారో ఆయనకే తెలియాలి. మర్నాడు అత్తగారు నాకే ఫోను చేసి మాట్లాడింది. నా మీద కోపం లేదన్నది. ముందే చెప్పి ఉంటే ఇంకో చిలక అల్లేదాన్ని కదండీ అన్నది. అన్నట్టే అల్లింది. వారం తర్వాత సార్ ల్యాప్‌టాప్ సంచితో వచ్చారు. పచ్చటి ఊలు, దాని మీద ఎర్ర ముక్కు చిలక, ఈసారి కోడిపుంజంత. రోజూ భుజానికి తగిలించుకుని వచ్చేవారు. లిఫ్టులో ఎవరైనా నవ్వినట్టు కనబడితే రెండు అండీలు ఎక్కువయ్యేవి. అత్తగారు ఆ ఆకుపచ్చ చుక్కని మాత్రం నమ్మడం మానేసింది. అల్లుడు ఇంటికి వచ్చాడా లేదా అని నాకే ఫోను చేసి అడిగేది.

నేను రిటైరైపోయాను. ఇప్పుడు మా మనవరాలు ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు పనిచేసుకుంటుంది. చాయ్ తెచ్చి పక్కన పెడితే తల ఎత్తదు. చాయ్ చల్లారి మీగడ కడుతుంది. అప్పుడు నాకు సార్ ల్యాప్‌టాప్ గుర్తొస్తుంది. ఆ అంతస్తులో నేను వచ్చినట్టు అందరికన్నా ముందు తెలిసేది దానికే. సముద్రం చూపించి మరీ పలకరించేది.

ఈ మాటే సపోర్టు అబ్బాయితో ఒకసారి నవ్వుతూ అన్నాను. అతను వెంటనే నా పాత ఫోను తీసుకుని అందులో ఏదో చేసి, హాట్‌స్పాట్‌కి కొత్త పేరు పెట్టి ఇచ్చాడు. మొన్న ఇటువైపు పని మీద వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను మెడలో చిలకతో చాయ్ పట్టుకుని లోపలినుంచి వచ్చాను. రెండడుగులు వేశానో లేదో, అవతలి గొంతు దానంతట అదే ఆగిపోయింది. తెర మీదున్నవన్నీ పోయి, మూడో తరగతివాళ్లు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు వచ్చాయి.

'పెద్దమ్మ వచ్చింది.'

అతను ల్యాప్‌టాప్ మూసి, తల ఎత్తి, కప్పు కోసం చెయ్యి చాపాడు.